తేలినీలాపురంలో పక్షి "రావడం" ఫోటోలో ఎలా పట్టాలి?

లాకర్‌తాళం:

అందరికీ నమస్తే. నేను టెక్కలిలో బ్యాంకులో పనిచేస్తాను, సొంతూరు విజయవాడ. ఇక్కడికి బదిలీ అయ్యాక, పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం పక్కనే ఉంది కదా అని కెమెరా కొన్నాను. కెనాన్ 200డీ, దాంతో పాటు 55-250 మి.మీ. జూమ్ లెన్స్. అంతకు మించి కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. బ్యాంకు వాళ్లకి కూడా ఈఎంఐలు ఉంటాయండీ.

నేను అడగాలనుకున్నది ఇదీ. నా ఫోటోల్లో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు బాగానే పడుతున్నాయి. ఫోకస్ ఉంటుంది, రంగులు ఉంటాయి. కానీ ప్రతిదీ కొమ్మ మీద కూర్చునే ఉంటుంది. మా ఆయన చూసి "అన్నిటికీ ఆధార్ ఫోటోలు తీశావేంటి" అన్నాడు. ఆయన వెటకారం అలా ఉంచితే, మాటలో పాయింటు ఉంది. ఊరికి ఆ పక్షుల అందమంతా అవి రావడంలోనే ఉంది. సెప్టెంబరు దాటుతుంటే మా బ్రాంచికి వచ్చే ఆ చుట్టుపక్కల రైతులు డబ్బు కట్టే స్లిప్పు రాస్తూనే "వచ్చేశాయమ్మా" అని చెప్తారు. ఏమిటని అడగక్కర్లేదు. ఆ "వచ్చేశాయి" నా ఫోటోల్లో ఎక్కడా కనబడదు.

స్టేషన్లోనూ ఇదే తంతు. అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు పలాసలో తీసిన ఫోటో చూస్తే బండి ఆగి ఉంటుంది, అమ్మ బ్యాగు పట్టుకుని నిలబడి ఉంటుంది. అప్పుడే దిగిందో, ఎక్కబోతోందో ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు.

ఎక్కడ నిలబడాలి, ఏ టైముకి వెళ్లాలి, సెట్టింగులు ఏం పెట్టాలి? ఉన్న లెన్స్‌తోనే అయ్యేవి చెప్పండి ప్లీజ్.


జూమ్‌రాజా:

250తో బర్డ్స్ కష్టం మేడమ్. సెకండ్ హ్యాండ్‌లో 150-600 చూడండి, హైదరాబాద్‌లో బాగా దొరుకుతున్నాయి. ఫ్లైట్ షాట్స్‌కి రీచ్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపడం) ముఖ్యం. అది లేకుండా ఎన్ని టెక్నిక్స్ చెప్పినా టైమ్ వేస్ట్.


వెనకబోగీ:

రాజాగారూ, అమ్మాయి ఈఎంఐ సంగతి మొదటి పేరాలోనే చెప్పింది. మీరు రెండో పేరా దాకా కూడా ఆగలేదు.

అమ్మా, నేను గూడ్స్ గార్డుగా రిటైర్ అయ్యాను. వాల్తేరు డివిజన్లో కొత్తవలస–కిరండూల్ లైను మీద, తర్వాత మెయిన్ లైన్లో పలాస దాకా పనిచేశాను. ఉద్యోగమంతా బండి చివర బ్రేక్ వ్యాన్‌లో కూర్చుని వెళ్లిపోయేవాటిని చూడటమే. అందుకేనేమో, రిటైరయ్యాక వచ్చేవాటిని చూడాలనిపించి కెమెరా పట్టాను. నా దగ్గరున్నదీ మీ లెన్సే.

తేలినీలాపురంలో గూళ్లు ఊరి మధ్య చెట్ల మీదే ఉంటాయి. పులికాట్‌లో రాజహంసల్లాగా నీళ్లకి అవతల ఎక్కడో చుక్కల్లా ఉండవు. అటవీశాఖ వాళ్ల వాచ్ టవర్ ఎక్కితే గూడు మన కంటి ఎత్తుకి వస్తుంది. పెలికాన్ రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది, దానికి 600 పెడితే రెక్క కొసలు ఫ్రేములో పట్టవు. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, 250 దగ్గర ఉన్న జూమ్‌ని వెనక్కి తిప్పడం. 150 చుట్టుపక్కల పెట్టండి. ఫ్రేములో ఒక పక్క గూడు, మిగతా అంతా ఖాళీ ఆకాశం. ఆ ఖాళీ చూసి భయపడకండి, రావాల్సింది అందులోకే.

ఇక బండి గురించి. ప్లాట్‌ఫారం మీద జనానికి బండి కనబడినప్పుడే అది వచ్చినట్టు. స్టేషన్ మాస్టరుకి మాత్రం వెనక స్టేషన్ లైన్ క్లియర్ (బండి పంపడానికి అనుమతి) అడిగినప్పుడే తెలుస్తుంది. గేటు దగ్గర గేట్‌మన్‌కి ఫోన్ వస్తుంది, గేటు వేస్తాడు, సిగ్నల్ పడుతుంది, ఆ తర్వాతే బండి. పక్షికి కూడా ఇలాంటి కబురు ఒకటి ముందుగా వస్తుంది. ఆకాశంలో వెతికితే దొరకదు, గూట్లో ఉన్నదాన్ని చూడండి. ఎర్రకాళ్ల కొంగల్లో ఒకటి గూట్లో ఉంటే ఇంకొకటి మేతకో పుల్లకో వెళ్తుంది. తిరిగొచ్చేది మనకింకా చుక్కగానే ఉన్నప్పుడు గూట్లోది లేచి నిలబడుతుంది, మెడ సాగదీస్తుంది, తల పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కు టకటకలాడిస్తుంది. ఆ టకటక వినగానే షట్టర్ మీద వేలు పెట్టండి. పెలికాన్ల దగ్గర పిల్లలు పెద్దయ్యాక ఈ పని పిల్లలే చేస్తాయి. తల్లి ఇంకా చెట్టు దాకా రాకముందే గోల మొదలవుతుంది.

రెండోది గాలి. ఇది కెమెరా పుస్తకాల్లో తక్కువ, పొలంలో తూర్పారబట్టేవాడికి ఎక్కువ తెలుసు. పక్షి దిగేటప్పుడు గాలికి ఎదురు తిరిగి దిగుతుంది, అలా అయితేనే వేగం తగ్గుతుంది. మీరు గాలి మీ వీపుకి తగిలేటట్టు నిలబడితే అది మీకు ఎదురుగా కాళ్లు వేలాడేసి, రెక్కలు గొడుగులా విప్పి దిగుతుంది. అటు పక్కన నిలబడితే వచ్చిన ప్రతిదీ తోకే చూపిస్తుంది. వెళ్లగానే చెయ్యి పైకెత్తి గుప్పెడు దుమ్ము వదలండి, లేదా ఎవరింటి పొయ్యి పొగ ఎటు పోతోందో చూడండి. పొద్దున ఒకవైపు, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఇంకోవైపు ఉంటుంది. గాలి, ఎండ రెండూ మీ వెనకే ఉండే పూట దొరికితే అది మంచి పూట. రెండూ కుదరకపోతే నేను గాలినే పట్టుకుంటాను, ఎండ పక్కనుంచి పడినా నష్టం లేదు.

టైము. పెలికాన్ బరువైన పక్షి, రెక్కలాడిస్తూ పోవడం దానికి దండగ. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకి వెళ్లి జారుకుంటూ పోతుంది. తిరిగొచ్చేటప్పుడు అలాగే చుట్టలు చుడుతూ దిగుతుంది. అందుకని దానికోసం తెల్లారకుండా వెళ్లి కూర్చోనక్కర్లేదు, మబ్బు లేని రోజున పొద్దున తొమ్మిది దాటాక చూడండి. కొంగలు మాత్రం పొద్దున్నే పనిలో ఉంటాయి.

తొలి గుంపు ఊరికి రావడం ఏడాదికి ఒక్కసారే, అది మీ సెలవు రోజున జరగాలని లేదు. కానీ గూడు కట్టే రోజుల్లో ఒకే కొంగ పుల్ల కోసం అలా వెళ్లి వస్తూనే ఉంటుంది, దాదాపు ఒకే దారిన. మీకు ఒక్క గూడు చాలు. చెట్టంతా గురిపెట్టకండి.

సెట్టింగులు: షట్టర్ 1/1600, ఎపర్చర్ 5.6 లేదా 7.1, ఆటో ఐఎస్‌ఓ, పై హద్దు 3200. ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్), మధ్య పాయింటు ఒక్కటే. 200డీ సెకనుకి ఐదు ఫ్రేములు తీస్తుంది. రా (RAW) ఫైలు పెడితే కాసేపటికే బఫర్, అంటే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ, నిండి ఆగిపోతుంది, సరిగ్గా కాళ్లు కొమ్మని తాకేటప్పుడే ఆగుతుంది! ఈ పనికి జేపెగ్ పెట్టుకోండి. మబ్బు పట్టిన తెల్లటి ఆకాశం వెనక ఉంటే ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి. ముదురు చింతాకు వెనక ఉంటే మైనస్ అర, లేకపోతే తెల్లటి ఈకలు సున్నం కొట్టినట్టు అయిపోతాయి.


ఆర్చిబ్రిడ్జి:

గార్డుగారు పక్షుల సంగతి చెప్పేశారు, నేను బళ్ల పిచ్చోణ్ణి. రాజమండ్రి. అమ్మగారి ఫోటో గురించి నాలుగు మాటలు.

బండి ఆగాక ఫోటో తీస్తే అది ప్లాట్‌ఫారం ఫోటో. ఆగకముందు కిటికీలో ఒక ముఖం ఉంటుంది చూడండి, మనం ఎక్కడున్నామా అని వెతుకుతూ. అసలు ఫోటో అదే. స్లీపర్ అయితే కిటికీ తెరిచి ఉంటుంది, పని సులువు. ఏసీ బోగీ అద్దంలో మన ప్లాట్‌ఫారమే ప్రతిఫలిస్తుంది, లోపలి మనిషి కనబడదు. అప్పుడు తలుపు దగ్గర చూసుకోవాలి. కానీ అమ్మగారిని "తలుపు దగ్గర నిలబడమ్మా, ఫోటో తీస్తా" అని మాత్రం ఫోన్‌లో చెప్పొద్దు. కోచ్ ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి, దానికి ఒకటి రెండు బోగీల దూరం ముందే నిలబడండి, బండి వచ్చే దిక్కున. 1/500 చాలు, బండి అప్పటికి నెమ్మదించి ఉంటుంది. పసుపు గీత దాటొద్దు.

ఎదురుగా వచ్చే ఇంజన్ తీయాలంటే దాని హెడ్‌లైట్ కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ని మోసం చేస్తుంది, ఫోటో మొత్తం చీకటైపోతుంది. బండి రాకముందే ఖాళీ పట్టాల మీద ఎక్స్‌పోజర్ చూసుకుని మాన్యువల్‌లో పెట్టేసెయ్యాలి. ఫోకస్ కూడా ఒక స్తంభం మీద ముందే.

మా ఊళ్లో నేను చేసేది ఇది. సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర కూర్చుంటా. కొవ్వూరు అవతలి ఒడ్డు, అటే పొద్దుగుంకుతుంది. పక్కపక్కనే పాత హేవలాక్ వంతెన (1900లో బళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి), దాని తర్వాత కట్టిన ఆర్చి వంతెన. ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెడితే ఆర్చీలు నల్లటి గీతల్లా మిగులుతాయి. బండి ఏ ఆర్చి కింద ఉన్నప్పుడు నొక్కాలో ముందే అనుకుంటా. చలికాలంలో సూర్యుడు ఎడమకి జరుగుతాడు, వేసవిలో కుడికి, దాన్నిబట్టి మెట్ల మీద నా చోటు మారుతుంది. బండి లేటైతే సూర్యుడు ఆగడు, అదొక్కటే టెన్షన్. బండి ఎక్కడుందో చెప్పే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్ చూసుకుంటూ తిట్టుకుంటూ కూర్చోవడమే.

ఇంకో సంగతి. పట్టాల మీదకి దిగి తీసే రీల్స్ చూసి ఎవరూ అలా చేయకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. అది దొరికితే. దొరక్కపోతే ఇంకా ఘోరం, ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్ దగ్గరికి వచ్చేదాకా చప్పుడు వినబడదు.


వెనకబోగీ:

చప్పుడు గురించి బాబు చెప్పింది అక్షరాలా నిజం. లూప్ లైన్లో ఉన్నవాడు మెయిన్ లైన్ బండి చప్పుడనుకుని నిలబడిపోవడం నేను చూశాను. అంతకంటే రాయను.


వలిసెచేను:

నాది అరకు దగ్గర. పక్షులు, రైళ్లు కాదు, పూలు. అడగకపోయినా చెప్తున్నా, ఎందుకంటే మీ ప్రశ్నలో సగం జవాబు ఇక్కడ ఉందనిపించింది.

నవంబరులో వలిసె పూలు విరగబూశాక అందరూ కార్లేసుకుని వస్తారు. కొండవాలంతా పసుపు, మధ్యలో ఎర్ర చీర, ఫోటో. అప్పటికి పూలు వచ్చేసి ఉంటాయి, వస్తున్నట్టు ఉండవు. నేను మొగ్గల రోజుల నుంచి ఒకే గట్టు మీద, ఒకే రాయి పక్కన, అదే లెన్స్‌తో వారానికోసారి తీస్తా. మొదటి ఫోటోలో అంతా ఆకుపచ్చే, మూలన ఒకే ఒక్క పసుపు చుక్క ఉంటుంది. విడిగా చూస్తే దానికి ఒక్క లైకు రాదు. మిగతావాటి పక్కన పెడితే అందరూ దాని దగ్గరే ఆగుతారు.

మీరు కూడా వచ్చే ఆగస్టులో ఖాళీ చెట్టుని తీసి పెట్టుకోండి. అదే చోటు నుంచి సెప్టెంబరులో, అక్టోబరులో, సంక్రాంతికి. తొలి గుంపు దిగిన రోజు మీరు బ్యాంకులో ఉన్నా పర్వాలేదు.

చేలల్లోకి దిగే ముందు రైతుని అడగండి (ఇది మేడమ్‌కి కాదు, చదివే అందరికీ). అది నూనెగింజల పంట, తోట కాదు. ఫోటోలకి కొందరు కొద్దిగా డబ్బు తీసుకుంటున్నారని గొణిగేవాళ్లు, తొక్కేసిన మొక్కకి లెక్క కట్టి చూడాలి.


లాకర్‌తాళం:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

శనివారం వెళ్లొచ్చాను. టవర్ మీద జనం ఉన్నారని కింద ఒక ఇంటి అరుగు దగ్గర నిలబడ్డాను, ఆ ఇంటావిడే పిలిచి నీడ ఇచ్చింది. దుమ్ము వదలడానికి సిగ్గేసి ఆవిడ పొయ్యి పొగ చూశాను. గార్డుగారు చెప్పినట్టు ఒక్క గూడే పెట్టుకున్నా. టకటక విని వేలు పెట్టేసరికి వచ్చేసింది! ముక్కులో ఆకులతో సహా విరిచిన పచ్చి కొమ్మ. దిగే ముందు గులాబీ రంగు కాళ్లు రెండూ ముందుకి చాపింది, వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. గూట్లోది ఆ కొమ్మ రెండో కొస అందుకుంది. కొమ్మ ఇద్దరి ముక్కుల్లోనూ ఉన్న ఫ్రేము ఒకటి ఉంది. కుడి రెక్క కొస కొంచెం బయటికి పోయింది, అయినా నాకు నచ్చింది. మా ఆయన ఈసారి ఆధార్ అనలేదు, "మరి ఆ కొమ్మ ఎక్కడ పెట్టింది?" అని అడిగాడు.

రెండు చిన్న అనుమానాలు. బ్యాంకు క్యాలెండర్‌కి ఈ ఫోటో పంపమంటున్నారు, కింద "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాయొచ్చా? ఇక్కడ అందరూ అలాగే అంటారు. రెండోది, మా కొలీగ్ డ్రోన్ తెస్తానంటున్నాడు, పైనుంచి గూళ్లు బాగుంటాయని.


వెనకబోగీ:

సైబీరియా వద్దమ్మా. క్యాలెండర్ ఏడాదంతా గోడ మీద ఉంటుంది.

మచ్చల ముక్కు పెలికాన్, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాలో అవి ఉండవు. మన దేశంలోనే నీళ్లు, చేపలు ఉన్నచోటు వెతుక్కుంటూ తిరుగుతాయి, పిల్లల్ని పెట్టే కాలానికి అలవాటైన చెట్టుకి వస్తాయి. తేలినీలాపురానికి నౌపడ వైపు మడుగులు, ఉప్పునీటి చిత్తడి నేలలు దగ్గర, మేతకి లోటు లేదు. మీకు ఒక చిన్న రుజువు చెప్తాను. ఇవే ఎర్రకాళ్ల కొంగలు హిందూపురం వైపు వీరాపురం ఊళ్లో చింతచెట్ల మీదకి సంక్రాంతి ప్రాంతంలో చేరి ఎండాకాలమంతా ఉంటాయి. మన జిల్లాకి వానలు వెనకబడుతుండగా వస్తాయి. సైబీరియా చలికి పారిపోయి వచ్చేవైతే ఒకే పక్షికి రెండు ఊళ్లలో రెండు క్యాలెండర్లు ఎందుకుంటాయి? ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరికే వచ్చేస్తాయి, వాటి లెక్క ఇంకోటి. పొలాల్లో నీళ్లు, నీళ్లలో నత్తలు.

నిజంగా ఉత్తరం నుంచి వచ్చేవి చూడాలంటే చలికాలంలో పులికాట్, కొల్లేరు, చిలికా సరస్సుల్లో సూదితోక బాతులు ఉన్నాయి. హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ బాతులు ఉన్నాయి. క్యాలెండర్ మీద "తేలినీలాపురం వచ్చిన ఎర్రకాళ్ల కొంగ" అని రాయండి, చాలు.

డ్రోన్ సంగతి ఆ ఊరివాళ్లు చెప్తే బాగుంటుంది.


చింతకొమ్మ:

మాది తేలినీలాపురమే మేడమ్. డ్రోన్ తేవద్దని మీ కొలీగ్‌కి గట్టిగా చెప్పండి. అది పైకి లేచిందంటే గూళ్ల మీద ఉన్నవన్నీ ఒక్కసారి ఎగిరిపోతాయి. మీవాళ్లకి వీడియో బాగుంటుంది. కిందనుంచి చూసేది మేం. పెద్దవి లేచిన రెండు నిమిషాల్లో కాకులు వచ్చి గుడ్లు పొడిచేస్తాయి, తొందరలో కాలు తగిలి పిల్లలు కింద పడతాయి. చప్పట్లు కొట్టి ఎగరగొట్టి ఫోటో తీసేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లని మా నాన్నమ్మ చీపురు పట్టుకుని తరుముతుంది, ఆవిడకి మనిషి ఎవరో అక్కర్లేదు. ఎండ ముదిరాక పెద్దవి రెక్కలు పరిచి పిల్లలకి నీడ పడతాయి, నోట్లో నీళ్లు తెచ్చి వాటి మీద పోస్తాయి. అప్పుడు లేపితే ఆ పిల్లల పని అంతే.

కారు ఊరి బయట ఆపుకుని నడిచి రండి, హారన్ కొట్టొద్దు. ఫోటోలు ఎన్నైనా తీసుకోండి, మాకూ ఆనందమే.

శనివారం మీరు నిలబడిన అరుగు ఎవరిదో నాకు అర్థమైంది, మా పిన్ని వాళ్లది. ఆ చోటు మంచిదే, గాలి కుదురుతుంది. కానీ డిసెంబరు వచ్చేసరికి ఆ కొమ్మ మీద పిల్లలు పెద్దవవుతాయి, కింద నిలబడేవాళ్లకి రెట్ట వాన. చేపల వాసన, బట్టకి పట్టిందంటే వదలదు. గొడుగు తెచ్చుకోండి, కెమెరాకి కూడా ఏదైనా కవరు చూసుకోండి.


లాకర్‌తాళం:

గొడుగు నల్లది అయితే పక్షులు బెదురుతాయా? ఇంట్లో అదే ఉంది.


చింతకొమ్మ:

ఊరంతా నల్ల గొడుగులే మేడమ్. విప్పేది మాత్రం చెట్టు కిందకి రాకముందే విప్పండి. మా పిన్నికి చెప్పి ఉంచుతాను, టీ కూడా ఇస్తుంది.